30 వేల గిటార్‌కీ 3 లక్షల గిటార్‌కీ లోపల తేడా ఏంటి? తయారీ తెలిసినవాళ్లు చెప్పండి

కాకినాడ_కుర్రాడు

అందరికీ నమస్తే. అకూస్టిక్ మీద కాస్త చెయ్యి తిరిగింది, ఇక ఎలక్ట్రిక్ కొందామని షాపుకి వెళ్లా. ఒకే ఆకారంలో మూడు గిటార్లు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఒకటి స్క్వైర్ (ఫెండర్ వాళ్లదే చవక బ్రాండ్), 30 వేల లోపు. పక్కది మెక్సికోలో చేసిన ఫెండర్, లక్షకి దగ్గర. మూడోది అమెరికాలో చేసింది, రెండు లక్షల దాకా. ఎదురు గోడ మీద గిబ్సన్ లెస్ పాల్, అది మూడు లక్షలట. తేడా ఏంటని అడిగితే సేల్స్ కుర్రాడు "సౌండ్ సార్, సౌండ్" అన్నాడు. మూడూ ఒకే ఆంప్‌లో (శబ్దం పెంచే పెట్టె) పెట్టి వాయించమంటే మాత్రం మేనేజర్ వైపు చూశాడు.

ఏది కొనాలి అని అడగడం లేదు (అది చివర్లో అడుగుతా, తిట్టకండి). అసలు వీటిని ఎలా కడతారు? డబ్బు ఎక్కడ ఖర్చవుతోంది?

భీమవరం_బేస్

డబ్బు హెడ్‌స్టాక్ (కొసన తీగలు బిగించే తల) మీద పేరుకి. టాపిక్ క్లోజ్.

వడ్రంగి_వాసు

బేస్ గారూ, అంత తొందరేం లేదు, ఉండండి. నాది హైదరాబాద్‌లో గిటార్లు రిపేరు చేసే పని. వాయించేవాటి కంటే విప్పి బెంచి మీద పెట్టినవే ఎక్కువ చూస్తుంటా. పేరుకీ డబ్బు పోతుంది, నిజమే. కానీ మొత్తం దానికే పోదు.

ముందు ఆ ఆకారం సంగతి. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే షాపు నడిపిన మనిషి. ఆయనకి గిటార్ వాయించడం రాదు. 1946లో కంపెనీ పెట్టి హవాయన్ స్టీల్ గిటార్లు, ఆంప్‌లు చేశాడు. 1950లో ఎస్క్వైర్ అనే మోడల్ వచ్చింది (నువ్వు చూసిన స్క్వైర్ వేరు). దాన్నుంచి పుట్టిందే 1951 టెలికాస్టర్. ఆయన బుర్రలో ఉన్నది సంగీత వాద్యం కంటే రిపేరుకి వీలైన వస్తువు. అప్పటిదాకా గిటార్ అంటే వంచిన పలుచటి చెక్కలు, లోపల బోలు, నెక్‌ని (చేత్తో పట్టుకునే పొడుగాటి భాగం) జిగురుతో అతికించడం. ఈయన పలక లాంటి చెక్కని ఆకారానికి కోసి, రౌటర్‌తో (చెక్కలో గాడి తీసే మెషీన్) గుంటలు తవ్వి, నెక్‌ని నాలుగు స్క్రూలతో బిగించాడు. నెక్ పాడైందా, విప్పి ఇంకోటి పెట్టుకో. అంతే.

ఆ నెక్ చూడండి. మేపుల్ చెక్క, ఒకటే ముక్క. వేళ్లు ఆనే పలక, అంటే ఫ్రెట్‌బోర్డ్, విడిగా లేదు. ఫ్రెట్లు (అడ్డంగా ఉండే లోహపు గీతలు) నేరుగా నెక్‌లోకే కొట్టారు. మరి ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉండే లోహపు కడ్డీ) ఎక్కడినుంచి పెట్టాలి? వెనక నుంచి గాడి తీసి, రాడ్ దింపి, పైన వాల్‌నట్ పట్టీతో మూసేశారు. ఆ నల్ల చార ఇవాళ్టికీ మేపుల్ నెక్‌ల వెనక కనిపిస్తుంది. చాలామంది అందానికి అనుకుంటారు. తమాషా ఏంటంటే మొట్టమొదటి ఎస్క్వైర్లలో ట్రస్ రాడ్ లేనే లేదు. మేపుల్ గట్టిది కాబట్టి అక్కర్లేదని లియో వాదన. అమ్మకాలు చూసే డాన్ రాండల్ పట్టుబడితే తర్వాత పెట్టారు.

ఇంకోటి. ఫెండర్ హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉండదు, నెక్‌తో దాదాపు సమాంతరంగా ఉంటుంది. అందుకని సన్నటి పలకలోనే నెక్ మొత్తం వచ్చేస్తుంది, చెక్క వేస్టు కాదు. దానికి బదులుగా పై తీగలు నట్ (నెక్ కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) మీద సరిగ్గా నొక్కుకోవని, వాటిని కిందకి అదిమే చిన్న స్ట్రింగ్ ట్రీలు పెట్టాల్సి వచ్చింది. ఒకచోట మిగిల్చి ఇంకోచోట సర్దుకోవడం. ఆ డిజైన్ అంతా ఇలాగే ఉంటుంది.

అంటే నీ 30 వేల స్క్వైర్ ఏదో ఖరీదైన గిటార్‌కి చవక నకలు కాదు తమ్ముడూ. పుట్టుకతోనే ఫ్యాక్టరీలో వేగంగా చెయ్యడానికి గీసిన డిజైన్ అది. అందుకే ఇండోనేషియాలో చేసినా బతుకుతుంది.

ఓరుగల్లు_ఓవర్‌డ్రైవ్

వాసన్నా, మంచిగ చెప్పినవ్. ఫెండర్ తర్వాత తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి (స్ట్రాట్ అంటం) ఆ వంపులు ఎట్ల వచ్చినయో కూడా చెప్పు. టెలికాస్టర్ అంచు పక్కటెముకల్లో దిగుతోందని బిల్ కార్సన్ లాంటి వాయిద్యగాళ్లు మొత్తుకున్నరట కదా?

వడ్రంగి_వాసు

అవును. టెలికాస్టర్ అంచు చెక్కపీట అంచులా ఉంటుంది, కూర్చుని వాయిస్తే ఒరుసుకుంటుంది. 1954 స్ట్రాట్‌లో వెనక పొట్ట దగ్గరా, ముందు మోచెయ్యి ఆనేచోటా చెక్క తీసేశారు. ఆకారం గీయడంలో ఫ్రెడ్డీ టవారెస్ చెయ్యి ఉంది, హవాయి నుంచి వచ్చిన స్టీల్ గిటార్ వాద్యకారుడు.

అప్పటి స్ట్రాట్‌లో స్విచ్ మూడు స్థానాలదే. వాయించేవాళ్లు దాన్ని మధ్యలో ఇరికించి రెండు పికప్‌లు (తీగ కదలికని పట్టి ఆంప్‌కి పంపే చుట్టలు) కలిపి మోగించడం అలవాటు చేసుకున్నారు. కంపెనీ అయిదు స్థానాల స్విచ్ పెట్టింది 1977లో, అంటే ఇరవై ఏళ్లు దాటాక!

మిషిగన్_మామ

ఫెండర్ భజన అయిపోతే గిబ్సన్ గురించి నేను చెప్తా. మేముండేది కలమజూకి గంటన్నర దూరంలో. పార్సన్స్ స్ట్రీట్‌లో గిబ్సన్ పాత ఇటుక భవనం ఉంది, మేం వెళ్లినప్పుడు దాని పొడుగాటి చిమ్నీ కూడా ఉంది. మా ఆవిడని తీసుకెళ్లి చూపిస్తే "పొగ గొట్టం చూడ్డానికా ఇంతదూరం" అంది.

గిబ్సన్‌ది వేరే వంశం. 1902లో పుట్టిన కంపెనీ, మాండొలిన్లు చేసినవాళ్లు. చెక్కని ఉబ్బెత్తుగా చెక్కడం వాళ్లకి వంశపారంపర్యం. ట్రస్ రాడ్ కూడా వాళ్లింట్లో పుట్టిందే, 1920ల మొదట్లో థాడియస్ మెక్‌హ్యూ అనే ఉద్యోగి చేశాడు. ఫెండర్ పలక గిటార్ అమ్ముడవుతోందని చూసి 1952లో లెస్ పాల్ తెచ్చారు. అప్పటి ప్రెసిడెంటు టెడ్ మెకార్టీ. పలక గిటారే, కానీ మన దగ్గర చెక్కే పనివాళ్లున్నారని చూపించాలిగా. అందుకని మహాగని దిమ్మ మీద మేపుల్ తాపడం వేసి, దాన్ని ఉబ్బెత్తుగా చెక్కారు. నెక్ స్క్రూలతో కాదు, బాడీలో గాడి తీసి నాలుకలా దింపి జిగురుతో అతికించారు. నెక్ కాస్త వెనక్కి వాలాలి, లేకపోతే ఆ ఉబ్బు మీద తీగల ఎత్తు కుదరదు. ఆ వాలు ఒకసారి తప్పితే స్క్రూ విప్పి పలుచటి ముక్క పెట్టి సరిచెయ్యడానికి ఉండదు. ఖర్చు అక్కడుంది కుర్రాడా.

1958 నుంచి 60 దాకా వచ్చిన సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచున ముదురుగా ఉండే రంగు) లెస్ పాల్‌లు సుమారు 1,500 మాత్రమే. అప్పట్లో సరిగ్గా అమ్ముడుపోక ఆపేశారు. ఇవాళ వాటి ధరకి హైదరాబాద్‌లో ఇల్లొస్తుంది. ఉత్పత్తి 1974 నుంచి మెల్లగా నాష్‌విల్‌కి వెళ్లింది, 1984లో కలమజూ ఫ్యాక్టరీ మూసేశారు. ఊరొదిలి వెళ్లనన్న కొందరు పనివాళ్లు 1985లో అదే భవనంలో హెరిటేజ్ అని కంపెనీ పెట్టుకున్నారు. దానికంటూ పేరుంది, ఇంకా చేస్తున్నారు.

భీమవరం_బేస్

మామా, ఆ గిబ్సన్ హెడ్‌స్టాక్ విరగడం గురించి చెప్పవేం?

మిషిగన్_మామ

పుండు మీద కారం చల్లకు. నాది విరిగింది. ఇండియా వస్తూ లగేజీలో వేశాను. ఎయిర్‌పోర్టులో కేసు బాగానే ఉంది, తెరిస్తే హెడ్‌స్టాక్ తీగలకి వేలాడుతోంది. విమానం కంపెనీ పేరు చెప్పను, క్లెయిమ్ ఇంకా నడుస్తోంది.

వడ్రంగి_వాసు

ఎందుకు విరుగుతుందో చెప్తా. లెస్ పాల్ హెడ్‌స్టాక్ సంప్రదాయంగా 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. నెక్ ఒకే మహాగని ముక్కలో కోస్తారు. చెక్క నారలు నెక్ పొడుగునా తిన్నగా పోతాయి కదా, హెడ్‌స్టాక్ వంగిన చోట అవి అడ్డంగా తెగి పొట్టిగా మిగులుతాయి. సరిగ్గా అక్కడే ట్రస్ రాడ్ తిప్పే మర కోసం గుంట తవ్వుతారు. అన్నిటికంటే బలహీనమైనచోట అన్నిటికంటే తక్కువ చెక్క. దానికితోడు తీగల లాగుడు ఎప్పుడూ ఉంటుంది. 10 నుంచి 46 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) వేస్తే ఆరూ కలిసి సుమారు 45 కిలోలు. కేసు వెల్లకిలా పడితే చాలు.

70లలో అక్కడ వెనకవైపు చిన్న బొడిపె వదిలి బలం పెంచారు. కొనేవాళ్లకి అది నచ్చలేదు, "పాతవాటికి లేదుగా" అన్నారు. తీసేశారు. గిటార్ కొనేవాళ్లంత ఛాందసులు పెళ్లిళ్లలో కూడా ఉండరు.

మామగారూ, విరిగినా కంగారు పడకండి. పొడుగ్గా చీలిన విరుపైతే మంచి వుడ్ గ్లూ ఎక్కించి క్లాంపులు వేస్తే పాతదానికంటే గట్టిగా ఉంటుంది. విరిగిన ముక్కలు మాత్రం ఇంట్లో ఫెవిక్విక్‌తో అంటించొద్దు, తర్వాత ఏ జిగురూ పట్టదు.

సోల్డర్_సూరి

చెక్క గురించి చాలు. కరెంటు సంగతి ఎవరూ ఎత్తరేం? పేరులోనే ఎలక్ట్రిక్ ఉంది.

పికప్ మైకు కాదు. దాని ముందు మీరు ఎంత అరిచినా (మంచి పికప్ అయితే) ఆంప్‌లో రాదు. అయస్కాంతాల చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు. స్ట్రాట్ పికప్‌లో 42 గేజ్ తీగ, మందం 0.06 మి.మీ. పైచిలుకు, దాదాపు 8,000 చుట్లు. పైన స్టీలు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో వోల్టేజీ పుడుతుంది. స్కూల్లో చదివిన ఫారడే సూత్రమే.

ఇది 1930ల మొదట్లోనే తేలిన సంగతి. జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ కలిసి అల్యూమినియం పోతపోసి గుండ్రటి బాడీతో స్టీల్ గిటార్ చేశారు. చూడ్డానికి పెనంలా ఉంటుంది, దాని ముద్దుపేరు కూడా ఫ్రైయింగ్ ప్యానే. పేటెంటుకి 1934లో దరఖాస్తు పెడితే 1937లో వచ్చింది. ఈలోగా అందరూ చేసేశారు.

ఇక గుర్రు. ఒకే చుట్ట ఉన్న పికప్ ఇంట్లో కరెంటు తీగల నుంచి వచ్చే హమ్‌ని కూడా పట్టేస్తుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకి 50. మన హమ్ 49 హెర్ట్జ్ ఉండే కింది జీ స్వరానికి ఆనుకుని ఉంటుంది. జీలో పాట ఉంటే కరెంటు ఆఫీసువాళ్లు కూడా శ్రుతి కలుపుతున్నట్టే. గిబ్సన్‌లో సెత్ లవర్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు చుట్టలు పక్కపక్కనే పెట్టి, ఒకదాంట్లో అయస్కాంతం దిశ, చుట్టిన దిశ రెండూ తిప్పేశాడు. తీగ శబ్దం రెండిట్లోనూ కలుస్తుంది, హమ్ మాత్రం ఎదురెదురై రద్దవుతుంది. 1955లో దరఖాస్తు పెట్టి, 1957 నుంచి గిటార్లలో వేశారు, పేటెంటు వచ్చింది 1959లో. ఆ మధ్యకాలపు పికప్‌ల అడుగున "పేటెంటుకి దరఖాస్తు చేశాం" అని చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఆ స్టిక్కర్ ఉన్న పికప్ ఒక్కటే ఇవాళ కొత్త లెస్ పాల్ ధర పలుకుతుంది.

ఆ పాత పికప్‌లు ఒక్కోటి ఒక్కో రకంగా ఎందుకు మోగుతాయంటే, చుట్లు లెక్కపెట్టే పద్ధతి సరిగ్గా లేక. ఫెండర్‌లో అబిగైల్ ఇబారా అనే ఆవిడ 1956 నుంచి దశాబ్దాలపాటు ఈ పనిలో ఉన్నారు. మెషీన్ చుట్టను తిప్పుతుంటే తీగని వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ నడిపించడమే పని. చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే చుట్లు సమానంగా పడవు, శబ్దంలో మార్పు అక్కడ వస్తుంది. ఆవిడ చుట్టిన పికప్‌లని ఇప్పుడు వెతికి మరీ కొంటారు.

కుర్రాడా, ధరలో తేడా ఇక్కడ కొంత ఉంది. చవక స్క్వైర్‌లో సిరామిక్ అయస్కాంతం, ఖరీదైనవాటిలో ఆల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతం. చవకదాంట్లో చిన్న పాట్‌లు (వాల్యూమ్, టోన్ గుండీల కింద ఉండేవి), సన్న వైరు. ఇవన్నీ మార్చుకోదగ్గవే. కానీ కొన్న వెంటనే మార్చొద్దు.

రాయలసీమ_రిఫ్

సూరి గారు చెప్పిందాని ప్రకారం చూస్తే చెక్కతో పనేముంది? పికప్‌కి వినపడేది తీగ ఒక్కటే కదా. మరి "టోన్‌వుడ్" (శబ్దానికి మంచి చెక్క) అని లక్షలు ఎందుకు గుంజుతున్నారు? డేనెలెక్ట్రో గిటార్లు మేసొనైట్‌తో చేసినవి, అంటే మన ఇళ్లలో అలమర వెనక కొట్టే అట్టలాంటి బోర్డు. పికప్ గొట్టాలు లిప్‌స్టిక్ డబ్బాలు. సియర్స్ కేటలాగులో పిల్లలకి చవగ్గా అమ్మినవి. లెడ్ జెప్పెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ అదే పట్టుకుని స్టేజి ఎక్కాడు.

క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే సంగతి చూడండి. 1963లో కొనడానికి డబ్బుల్లేక తండ్రితో కలిసి ఇంట్లో మొదలుపెట్టాడు. నెక్ పాత చలిమంట గూడు చట్రం చెక్క, ట్రెమొలోకి (కడ్డీ ఊపి స్వరాన్ని వంచే అమరిక) మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు, దాని కడ్డీ కొసకి వాళ్లమ్మ అల్లిక సూది ముక్క. ఫ్రెట్‌బోర్డ్ చుక్కలకి బొత్తాలు. క్వీన్ పాటలన్నీ దాదాపు దాని మీదే. ఇంక టోన్‌వుడ్ ఎక్కడ?

సోల్డర్_సూరి

తీగ ఒక్కటే వినపడుతుంది, నిజం. కానీ తీగ రెండు కొసలూ కట్టి ఉన్నది చెక్కకే. ఏ స్వరం ఎంతసేపు నిలుస్తుంది, ఎక్కడ డెడ్ స్పాట్ (స్వరం తొందరగా చచ్చిపోయే చోటు) వస్తుంది అన్నది నెక్ బిగువు మీద ఆధారపడుతుంది. నా లెక్కలో నెక్‌ది పెద్ద వాటా, బాడీ చెక్క జాతిది చాలా చిన్న వాటా. పికప్ ఎత్తు ఒక స్క్రూ తిప్పితే వచ్చే తేడా అంతకంటే ఎక్కువ.

రాయలసీమ_రిఫ్

అది ఒప్పుకుంటా. అడిగినందుకు ఇంకోటి అడుగుతా, నవ్వకండి. మా శేషాచలం ఎర్రచందనంతో నెక్ చేస్తే?

వడ్రంగి_వాసు

చెయ్యొచ్చు, తర్వాత జైల్లో వాయించుకోవచ్చు. 😄

నవ్వులాట కాదు, వాద్యాలకి అది గొప్ప చెక్క. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాద్యానికి నెక్ దాంతోనే చేస్తారు. అంత గట్టిది, నీళ్లలో వేస్తే మునుగుతుంది. కానీ అరుదైన చెట్లు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) రెండో జాబితాలో ఉంది, మన చట్టాలు వేరే. దాని జోలికి వెళ్లొద్దు.

మన చెక్క మీద అసలు కథ రోజ్‌వుడ్‌ది. మన పాత కుర్చీలకి వాడిన ఇరుగుడు, జిట్రేగి అంటామే, అదే ఇండియన్ రోజ్‌వుడ్. ప్రపంచంలో సగం ఫ్రెట్‌బోర్డులు అదే అన్నట్టుండేది. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారం నిషేధించాక మనదాని మీద ఇంకా బరువు పడింది. 2011 ఆగస్టులో అమెరికా ఫెడరల్ అధికారులు గిబ్సన్ ఫ్యాక్టరీల మీద దాడి చేసి ఇండియా నుంచి వచ్చిన రోజ్‌వుడ్, ఎబొనీ పట్టుకెళ్లారు. గొడవ ఎక్కడంటే, మన ఎగుమతి నిబంధనల్లో కోసిన చెక్క మందం 6 మి.మీ. దాటకూడదు, పూర్తయిన వాద్య భాగమైతే ఫర్వాలేదు. ఫ్రెట్‌బోర్డ్ పలక సుమారు 10 మి.మీ. ఉంటుంది. అది చెక్కా, వాద్య భాగమా? లాయర్లు దాని మీద బతికారు. 2009లో మడగాస్కర్ ఎబొనీ కేసు ఇంకోటి ఉంది. రెండూ కలిపి 2012లో రాజీ: 3 లక్షల డాలర్ల జరిమానా, అడవుల పరిరక్షణకి ఇంకో 50 వేలు. ఇండియా చెక్క తిరిగి ఇచ్చేశారు. గిబ్సన్ దాంతో "గవర్నమెంట్ సిరీస్" అని గిటార్లు చేసి అమ్ముకుంది. వ్యాపారం అంటే అదీ.

2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తం రెండో జాబితాలోకి వచ్చింది. ఒక్కో గిటార్‌కీ పర్మిట్ కాగితాలు. కంపెనీలు విసిగిపోయి వేరే చెక్కలకి మారాయి. 2019 చివర్లో పూర్తయిన వాద్యాలకి మినహాయింపు ఇచ్చారు గానీ, చవక గిటార్లు మళ్లీ వెనక్కి రాలేదు. కుర్రాడా, నువ్వు చూసిన స్క్వైర్ స్పెక్స్‌లో "ఇండియన్ లారెల్" అని ఉందేమో చూడు. అది మన నల్లమద్ది. నల్లమల్లో, ఆదిలాబాద్ అడవుల్లో పెరిగే చెట్టు జాతే.

కాకినాడ_కుర్రాడు

చూశా! లారెల్ అనే ఉంది. మా తాతయ్యగారింటి దూలాలు నల్లమద్దివే. ఇన్నాళ్లూ అదేదో విదేశీ చెక్క అనుకున్నా.

నాగోయా_నాని

జపాన్ పేరొచ్చింది కాబట్టి నేనూ దూరతా. ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నా. ఐబనెజ్ గిటార్ల వెనకున్న హోషినో కంపెనీ ఈ ఊరిదే, 1908లో పుస్తకాల షాపులో సంగీత విభాగంగా మొదలైంది. గిటార్లు చేసింది మాత్రం ఎక్కువగా మత్సుమొటోలోని ఫుజిజెన్ ఫ్యాక్టరీ. 70లలో గిబ్సన్ ఆకారాలు అచ్చుగుద్దినట్టు దించారు. 1977లో గిబ్సన్ యజమాని నార్లిన్ కంపెనీ హెడ్‌స్టాక్ ఆకారం మీద కేసు వేసింది. అప్పటికే ఐబనెజ్ వాళ్లు డిజైన్ మార్చేశారు, బయటే రాజీ అయింది.

ఆ కేసుకి అసలు కారణం నకలు కావడం కాదు, నకలు బాగుండటం. అదే సమయంలో అమెరికాలో ఫెండర్ పరిస్థితి చూడండి. లియో 1965లో 1.3 కోట్ల డాలర్లకి సీబీఎస్‌కి అమ్మేశాడు. టీవీ కంపెనీ గిటార్లు చేస్తే ఎలా ఉంటుందో అలా అయింది. నెక్ కూర్చునే గుంటలో సందులు, మందంగా పాలియెస్టర్ పూత, బరువు. 1982లో ఫెండరే జపాన్‌లో అదే ఫుజిజెన్‌తో స్ట్రాట్‌లు చేయించింది. అమెరికా నుంచి వచ్చిన సొంత కంపెనీవాళ్లు వాటిని చూసి నోరెళ్లబెట్టారట. పాత స్ట్రాట్‌లని విప్పి, కొలిచి చేసినవి అవి. 1985లో ఉద్యోగులు, పెట్టుబడిదారులు కలిసి కంపెనీని సీబీఎస్ నుంచి కొనుక్కున్నాక గానీ అమెరికాలో మళ్లీ గాడిన పడలేదు. కాబట్టి "మేడిన్ ఎక్కడ" అన్న స్టిక్కర్ చూసి తీర్పు చెప్పకండి. ఏ సంవత్సరంలో, ఏ ఫ్యాక్టరీలో అన్నది చూడాలి.

ఓరుగల్లు_ఓవర్‌డ్రైవ్

పూత మాట వచ్చింది కాబట్టి. పాత ఫెండర్ రంగులు కార్ల రంగులే కద? ఫియస్టా రెడ్ ఫోర్డ్‌ది, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది. డ్యూపాంట్ కంపెనీ పెయింటు డబ్బాలు తెచ్చి కొట్టేసేటోళ్లు. అప్పటి నైట్రో లాకర్ పూత సన్నగ ఉంటది, చలిలో పగుళ్లు పడతది. ఇప్పుడు ఆ పగుళ్లు కావాలని చేసి ఎక్కువ ధరకి అమ్ముతున్నరు. కొత్త గిటార్‌ని గీకి, బెల్టు బకిల్ గీతలు కూడ పెట్టి! మా నాన్నకి చెప్తే నమ్మలే.

మిషిగన్_మామ

మీ నాన్నగారిదే కరెక్టు.

కాకినాడ_కుర్రాడు

ఇంతకీ వాసన్నా, మూడూ బెంచి మీద పెడితే నీకు తేడా ఎక్కడ కనిపిస్తుంది? అది చెప్పలేదు.

వడ్రంగి_వాసు

ఫ్రెట్లలో. నన్నడిగితే ముప్పావు వంతు అక్కడే.

ఫ్రెట్ల స్థానం లెక్క ఎవరైనా వేస్తారు. 648 మి.మీ. స్కేల్‌ని (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడుగు) 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ 36.4 మి.మీ. దగ్గర పడుతుంది. మిగిలిన పొడుగుని మళ్లీ అదే అంకెతో భాగిస్తూ పోవాలి, పన్నెండోది సరిగ్గా సగంలో వస్తుంది. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్ గాళ్లు కోస్తే 30 వేలదాంట్లోనూ, రెండు లక్షలదాంట్లోనూ ఇది ఒకేలా ఉంటుంది. చవక గిటార్లు ఇవాళ ఇంత బాగుండటానికి కారణం అదే.

తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఫ్రెట్ అంటే రాగి, నికెల్, జింక్ కలిసిన లోహపు తీగ. దాన్ని గాడిలోకి ప్రెస్ చేశాక ఒకటి వెంట్రుక వాసి పైకి, ఇంకోటి కిందకి ఉంటుంది. నేను చేసే పని చెప్తా. తీగలు తీసేసి, ట్రస్ రాడ్ తిప్పి నెక్‌ని నిటారుగా తెస్తా. చెక్కకి టేపు అంటించి, ఫ్రెట్ల తలలన్నిటి మీదా నల్ల మార్కర్ గీస్తా. సమంగా ఉన్న స్టీలు బద్దకి ఎమరీ కాగితం అంటించి, నెక్ పొడుగునా బరువు వెయ్యకుండా తోస్తా. ఎత్తుగా ఉన్నవాటి మీద నలుపు పోయి లోహం మెరుస్తుంది, పల్లంలో ఉన్నవి నల్లగానే ఉంటాయి. అన్నీ మెరిసేదాకా తోయాలి, అంతకంటే ఒక్క తోపు ఎక్కువ కాకూడదు. ఇప్పుడు తలలన్నీ చదునైపోయాయి. చదును ఫ్రెట్ మీద తీగ ఎక్కడ ఆనాలో తెలియక గరగరమంటుంది. అందుకని తలల మీద మళ్లీ మార్కర్ గీసి, గుంట ఆకురాయితో రెండు పక్కలా అరగదీసి మళ్లీ గుండ్రం చెయ్యాలి, మధ్యలో సన్న నల్ల గీత మిగిలేదాకా. తర్వాత పక్కలు. అరచెయ్యి నెక్ అంచున జారిస్తే ఎక్కడా గుచ్చుకోకూడదు. 22 ఫ్రెట్లు, ఒక్కోదానికి రెండు కొసలు. చివర్లో వరసగా సన్నబడే కాగితాలతో మెరుగు.

ఖరీదైన గిటార్‌లో ఈ పనికి మనిషి సమయం పెడతారు. కొన్నిచోట్ల జర్మనీలో పుట్టిన ప్లెక్ మెషీన్ తీగల లాగుడు ఉండగానే ప్రతి ఫ్రెట్‌నీ కొలిచి, తర్వాత ఆ కొలత ప్రకారం కోస్తుంది, గిబ్సన్ వాడుతుంది. చవకదాంట్లో ఈ దశని తొందరగా ముగించి పెట్టెలో వేస్తారు. దానికితోడు సముద్రం దాటి వచ్చేసరికి చెక్క ఎండుతుంది. చెక్క కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు. అప్పుడు ఫ్రెట్ కొసలు బయటికి పొడుచుకొస్తాయి. కాకినాడ తేమలో బాగున్న గిటార్ మే నెలలో కర్నూలు వెళ్తే చెయ్యి గీరుకుపోతుంది.

రాయలసీమ_రిఫ్

కర్నూలోడిగా సాక్ష్యం చెప్తున్నా. ఎండాకాలం కేసులో తడి స్పాంజి ఉన్న చిల్లుల డబ్బా పెడతా.

భీమవరం_బేస్

సరే, నేను కూడా ఒక్క పనికొచ్చే మాట చెప్తా. పలక బాడీ, పికప్ అంటే రాక్‌వాళ్లదే అనుకుంటున్నారు అందరూ. మా పక్క పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మాండొలినే. మామూలు మాండొలిన్‌లో జంట తీగలు, స్వరం టక్కున చచ్చిపోతుంది, గమకం లాగడానికి వీలుండదు. ఆయన జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. పికప్ ఉంది కాబట్టి స్వరం నిలుస్తుంది, తీగ లాగితే గమకం పలుకుతుంది. లియో ఫెండర్ ఊహించి ఉండడు.

మిషిగన్_మామ

బేస్, ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది. టాపిక్ క్లోజ్ అన్నావు!

కాకినాడ_కుర్రాడు

అందరికీ థాంక్స్. ఇప్పుడు ఆ తిట్టకూడని ప్రశ్న. స్క్వైర్ కొని మిగిలిన డబ్బుతో ఆంప్, సెటప్ చేయించుకుందామని అనుకుంటున్నా. షాపులో నాలుగైదు పీసులు ఉన్నాయి. ఏం చూసి ఎంచుకోను?

వడ్రంగి_వాసు

రంగు చూసి ఎంచుకోవద్దు. ప్రతి పీసూ తీసుకుని లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, ఆఖరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కు. ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద పలుచటి సందు కనిపించాలి. విజిటింగ్ కార్డు మందం కంటే ఎక్కువుంటే నెక్ వంగింది, ట్రస్ రాడ్‌తో సర్దుతుంది. నెక్ మెలి తిరిగి ఉంటే మాత్రం వదిలెయ్. హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూడు, తెలిసిపోతుంది. సన్న తీగ నెక్ అంచు మీద నుంచి జారిపోతోందా చూడు. ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కో స్వరం వాయించు, ఎక్కడ గరగరమందో గుర్తుపెట్టుకో. ఒకటి రెండైతే నేను చేస్తా, అంతకంటే ఎక్కువైతే ఇంకో పీసు అడుగు.

అమెరికా గిటార్ వద్దని కాదు. ముట్టుకుంటే తేడా తెలుస్తుంది, గుండ్రంగా అరగదీసిన నెక్ అంచు, స్టీలు బ్రిడ్జ్ దిమ్మ, మంచి ట్యూనర్లు. కానీ అది ఆరు రెట్లు బాగుండదు.

కాకినాడ_కుర్రాడు

ఆదివారం వెళ్తున్నా. సూరి గారూ, పికప్‌లు ఆర్నెల్ల తర్వాత మార్చొచ్చా?

సోల్డర్_సూరి

ముందు మీ ఇంటి ప్లగ్గులో మూడో పిన్నుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తీగ ముట్టుకోగానే వేలికి జివ్వుమంటే అది పికప్ తప్పు కాదు, ఆంప్ వెంటనే ఆపేయాలి. ఎర్తింగ్ బాగున్నాక కూడా గుర్రు ఎక్కువుంటే ఫ్యాను రెగ్యులేటర్, ఇన్వర్టర్ ఆపి చూడండి. అప్పటికీ ఉంటే పికప్ గుంటల్లో అంటించడానికి రాగి రేకు టేపు తీసుకోండి, మార్కెట్లో దొరుకుతుంది. పికప్‌ల మాట ఆ తర్వాత.